కనపడని 49 జీబీ

రాత్రి ఎనిమిది దాటింది. మార్చి నెల. గుంటూరు శివార్లలో, ఏటుకూరు రోడ్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీ గేటు ముందు ఉన్నాం. లారీలు, ట్రాక్టర్లు రోడ్డు దాకా బారు తీరాయి. ఎర్రగొండపాలెం నుంచి వచ్చిన లారీకి పట్టా ఇంకా విప్పలేదు. మిర్చి యార్డులో రేటు నచ్చని సరుకు ఈ రోజుల్లో ఇటే మళ్లుతుంది. రైతులు కాటా పక్కన మిర్చి టిక్కీల (బస్తాల) మీదే కూర్చుని టీ తాగుతున్నారు. తేజ రకం దిగుతున్నట్టుంది, గాలి పీలిస్తే గొంతు గరగరమంటోంది. హమాలీలకు అలవాటే. తుమ్ములు మనకే.

ఆఫీసు గదిలోకి వెళ్దాం. అరవైకి దగ్గరపడిన గుమస్తా గారు ముందర పాత ఆవర్జా పుస్తకం తెరిచి చేత్తో రాస్తున్నారు. ఎప్పుడో అటక ఎక్కిన పుస్తకం, ఈ పొద్దున దులిపి దింపారు. కంప్యూటర్లోంచి బాండ్లు, అంటే సరుకు దాచినట్టు రైతుకిచ్చే రసీదులు, రావడం లేదు. సరుకు దిగుతోంది, ఛాంబర్లలోకి ఎక్కుతోంది, కాగితమే లేదు. బాండు చేతికొస్తేనే రైతు బ్యాంకుకి వెళ్లి సరుకు మీద అప్పు తెచ్చుకోగలడు. అది లేకపోతే లోపల మిర్చి ఎంత చల్లగా ఉన్నా అతనికి ఉపయోగం లేదు.

టేబులు కింద మోకాళ్ల మీద కూర్చున్నవాడు బ్రాడీపేట నుంచి వచ్చిన సిస్టం కుర్రాడు. సీపీయూ పక్క డొప్ప తీశాడు. ఫ్యాను రెక్కల మీద ఎర్రటి ధూళి, వేలితో గీస్తే గీత పడేంత. వేలు ప్యాంటుకి తుడుచుకుని, కళ్లకి తగలకుండా మోచేత్తో నుదురు రుద్దుకున్నాడు. డొప్ప మళ్లీ పెట్టేశాడు. జబ్బు దుమ్ములో లేదని అతనికి తెలుసు, స్క్రీన్ మీద వచ్చిన వాక్యం అదే చెబుతోంది: పరికరంలో చోటు మిగల్లేదు.

"చోటు లేకపోవటం ఏందబ్బాయ్? అయిదొందలు జీబీ అని చెప్పి బిగించారు గదా. మా చిట్టాలన్నీ కలిపినా దాన్లో ఒక మూల."

"చూద్దాం బాబాయ్."

అతను కీబోర్డు ముందుకు లాక్కుంటున్నాడు. మనం కుర్చీ వెనక నిలబడదాం. ఇది రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన ఆల్మా లైనక్స్. లెక్కలు రాసుకునే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. దానికొక గట్టి పద్ధతి ఉంది: ఏ మార్పు చేసినా ముందు దాన్ని చిట్టా ఫైల్లోకి ఎక్కించాలి, ఎక్కించడానికి చోటు లేకపోతే తప్పుడు లెక్క రాయదు, ఆగిపోతుంది. పొద్దుటి నుంచి జరిగింది అదే. విసుగొచ్చి ఎవరో మెషీన్ ఆపి మళ్లీ వేశారట. ఆ మాట అతను బుర్రలో పెట్టుకున్నాడు.

మొదట డీఎఫ్ అనే ఆజ్ఞ కొట్టాడు. ఏ ఫైల్‌సిస్టమ్ ఎంత నిండిందో చెప్పే ఆజ్ఞ అది. మూడు వరసలు చూస్తే చాలు. / అనే గుర్తు దగ్గర, అంటే రూట్‌లో, 70కి 70 జీబీ నిండి నూరు శాతం. /హోమ్ దగ్గర 386 జీబీ, అందులో వాడింది మూడే. /బ్యాకప్ అనే మూడో వరస టేబులు చివరన ఉన్న నల్లటి యూఎస్‌బీ డ్రైవ్‌ది, బోలెడు ఖాళీ.

గుమస్తా గారు కళ్లజోడు సర్దుకుని వంగారు. "ఒకటి కిక్కిరిసిపోయింది, పక్కది బోసిగా ఉంది. ఒకే డబ్బా గదా ఇది?"

డబ్బా ఒకటే. రెండో ఆజ్ఞ ఆ డబ్బా కడుపులో ఏముందో గీసి చూపిస్తుంది. డిస్కు 465.8 జీబీ అని పడింది. అట్ట మీద అచ్చు వేసింది 500. ఎవరూ కాజేయలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కగడతాడు, ఈ ఆజ్ఞ 1,024 చొప్పున. ఆ డిస్కులో మూడు పార్టిషన్లు. మొదటిది 600 ఎంబీ, మెషీన్‌కి కరెంటు రాగానే ఫర్మ్‌వేర్ చూసేది దాన్నే. రెండోది 1 జీబీ, కెర్నల్ ఉండే /బూట్. మిగిలిన 464 జీబీ మొత్తం మూడోది.

పార్టిషన్ అంటే డిస్కుని కోయడం కాదు. ఇక్కడ మొదలు, ఇంతవరకు పొడవు అని ఒక పట్టికలో రాసుకోవడం, అంతే. 1983లో ఐబీఎం పీసీ డాస్ 2.0తో వచ్చిన పట్టిక డిస్కు మొదటి 512 బైట్ల లోపలే సర్దుకునేది. ఒక్కో వరసకి 16 బైట్లు, నాలుగే వరసలు. నాలుగుకి మించి భాగాలు కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసి దాని లోపల మళ్లీ గీతలు గీసుకునేవాళ్లు. అంకెకి 32 బిట్లే ఇచ్చారు గనక 2 టీబీ దాటిన డిస్కు దానికి అందదు. ఇప్పుడీ మెషీన్‌లో ఉన్నది జీపీటీ అనే కొత్త తరహా పట్టిక. మామూలుగా 128 వరసలు, పైగా డిస్కు చిట్టచివర ఇంకో నకలు. ఏ పట్టికైనా ఒక ఇబ్బంది మాత్రం అట్లాగే ఉంది: ఒక భాగం వరసగా ఒకేచోట ఉండి తీరాలి. పక్క భాగం అడ్డమొస్తే పెరగలేదు.

మరి ఈ /, /హోమ్ అనేవి? విండోస్ వాడినవాళ్లకి ప్రతి భాగానికీ ఒక అక్షరం. అరండల్‌పేట నెట్ సెంటర్లు తిరిగిన వయసు వాళ్లకి సీ డ్రైవ్ అంటే ముట్టుకోకూడనిది, డీ డ్రైవ్ అంటే పాటలు, సినిమాలు. లైనక్స్‌లో అక్షరాల్లేవు. అన్ని దారులూ / దగ్గరే మొదలవుతాయి. ఇంకో భాగమో, ఇంకో డిస్కో కావాలంటే ఒక డైరెక్టరీ చూపించి, దీని మీద దాన్ని ఎక్కించు అని కెర్నల్‌కి చెప్పాలి. అది మౌంట్. ఆ డైరెక్టరీ మౌంట్ పాయింట్. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ కట్టేటప్పుడు మొదటి డిస్కుకి తోడు రెండో డిస్కుని తెచ్చి /యూఎస్‌ఆర్ అనే పేరు మీద ఎక్కించారు. ఆ పేరు ఇవాళ్టికీ ఏటుకూరు రోడ్డులో ఈ మెషీన్‌లో కూడా ఉంది. వాళ్ల డిస్కు మొత్తం కలిపినా ఇప్పటి ఒక పెద్ద ఫొటో పట్టదు.

సరే, 70 జీబీ దేనితో నిండింది? కుర్రాడు డీయూ కొట్టాడు. అది ఒక్కో డైరెక్టరీలోకి దిగి ఫైళ్లన్నీ కూడుకుంటూ వస్తుంది. పక్క ఫైల్‌సిస్టమ్‌ల్లోకి దారి తప్పకుండా ఒక షరతు కూడా పెట్టాడు. కాసేపు పట్టింది. ఈలోపు హమాలీ మేస్త్రి తలుపులోంచి తొంగి చూసి, "లాటు నంబరు ఏం రాయమంటారు?" అని అడిగి, గుమస్తా గారి చూపు చూసి వెళ్లిపోయాడు.

మొత్తం 21 జీబీ.

డీఎఫ్ 70 అంటోంది, డీయూ 21 అంటోంది. రెండు ఆజ్ఞలూ అబద్ధం చెప్పేవి కావు. డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌ని నేరుగా అడుగుతుంది, ఎన్ని బ్లాకులు ఇచ్చేశావని. డీయూ పేర్ల వెంట నడిచి, కనపడ్డ ఫైళ్లని కూడుతుంది. తేడా 49 జీబీ అంటే పేరు పట్టుకుని వెళ్తే దొరకని సరుకు ఏదో లోపల ఉంది.

ఇట్లాంటప్పుడు అందరికీ మొదట వచ్చే అనుమానం, తుడిచేసిన ఫైలుని ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉందని. పట్టు వదిలేదాకా చోటు తిరిగి రాదు. కానీ పొద్దున్నే మెషీన్ ఆపి వేశారు, ఆ పట్లన్నీ అప్పుడే జారిపోయి ఉంటాయి. ఫైలుకొకటి చొప్పున కావలసిన ఐనోడ్లు అయిపోయాయేమో చూశాడు, కావలసినన్ని ఉన్నాయి. కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ నల్ల డ్రైవ్ వైపు చూశాడు. దాని నీలం దీపం వెలుగుతూనే ఉంది.

"బాబాయ్, ఈ బ్యాకప్ డ్రైవ్ ఎప్పుడైనా ఆపారా?"

"మేమెందుకు ఆపుతాం? ముట్టుకోవద్దని చెప్పారు గదా."

అతనేం మాట్లాడలేదు. పక్కన ఒక ఖాళీ డైరెక్టరీ చేసి, రూట్‌నే రెండోసారి దాని మీదికి మౌంట్ చేశాడు. బైండ్ మౌంట్ అంటారు. ఇందులో ఉన్న కిటుకు ఏమిటంటే, రూట్ ఒక్కటే వస్తుంది, దాని మీద ఎక్కి కూర్చున్న మిగతా మౌంట్లు రావు. ఆ దారిలో /బ్యాకప్‌లోకి దిగి జాబితా అడిగాడు.

పదహారు ఫైళ్లు. ఒక్కోటి మూడు జీబీ పైచిలుకు. రోజుకొకటి, రాత్రి రెండు గంటల వేళ రాసినవి.

మామూలు దారిలో వెళ్తే /బ్యాకప్ అంటే ఆ నల్ల డ్రైవ్. ఈ పదహారూ డ్రైవ్‌లో లేవు, దాని అడుగున ఉన్న ఉత్త డైరెక్టరీలో ఉన్నాయి. డైరెక్టరీలో ముందే ఏమైనా ఉండి, దాని మీద ఇంకోటి మౌంట్ చేస్తే కిందివి చెరిగిపోవు. కనపడవు, అంతే. చోటు మాత్రం తింటూనే ఉంటాయి.

మొదటి ఫైలు తేదీ చదివాడు. గుమస్తా గారు వేళ్ల మీద లెక్కేసి, "అంటే శివరాత్రి నాటి రాత్రి గదా!" అన్నారు. "ఆ రోజు ఆఫీసులో పురుగు లేదబ్బాయ్. అందరం కోటప్పకొండ తిరునాళ్లకి పోయాం. మావూరి ప్రభ కదిలేసరికే చీకటి పడింది."

"మరి ఇక్కడ ఎవరున్నారు?"

వాచ్‌మన్‌ని పిలిచారు. ఆ రోజు ఎలక్ట్రీషియన్ వచ్చాడట, ఏసీ మోటారుకి. డ్రిల్లుకి ప్లగ్గు చాలక ఏదో ఒకటి పీకాడు. పని అయ్యాక అక్కడ వాచ్‌మన్ తన ఫోను ఛార్జర్ పెట్టుకున్నాడు. అది అక్కడే ఉండిపోయింది. నిన్న టేబులు తుడుస్తూ అటెండరు వైరు వేలాడుతుంటే చూసి, మళ్లీ గుచ్చాడు.

తతంగమంతా ఇప్పుడు వరసలో పడింది. యూఎస్‌బీ డ్రైవ్‌కి కరెంటు పోగానే మౌంట్ ఊడిపోయింది. /బ్యాకప్ అనే పేరు పోలేదు, ఎందుకంటే అది రూట్‌లో ఉన్న మామూలు డైరెక్టరీ. రాత్రి రెండింటికి బ్యాకప్ స్క్రిప్టు లేచి, అలవాటుగా /బ్యాకప్‌లో రాసింది. రాయగలిగింది గనక తప్పు జరిగిందని దానికి తెలియదు. ప్రతి రాత్రీ అదే తంతు, ఈ పొద్దున మెషీన్ ఆపి వేసేదాకా; అప్పుడు డ్రైవ్ మళ్లీ ఎక్కి, రాసినవాటిని కప్పేసింది. పదహారు రాత్రుల బ్యాకప్పులు అసలు డేటా ఉన్న డిస్కులోనే, దాని పక్కనే చేరాయి. ఆ డిస్కు ఈ మధ్యలో చచ్చి ఉంటే రెండూ కలిసే పోయేవి. నిండడం వల్ల బయటపడిందే నయం అంటాను నేను. నిండకుండా ఉంటే ఎన్నాళ్లు సాగేదో.

ఇప్పుడు తొందర బాండ్లది. అన్నింటికన్నా పాత ఫైలు ఒకటి /హోమ్‌లోకి తరలించాడు. ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల అయితే ఫైలు జరపడం రెప్పపాటు పని, పేరు మారుతుందంతే. ఇక్కడ రూట్ వేరు, /హోమ్ వేరు, మూడు జీబీ నిజంగానే అటు మోసి, ఇటు చెరపాలి. నిమిషం పైనే పట్టింది. తరవాత పోస్ట్‌గ్రెస్‌ని లేపాడు. అది తన చిట్టా చదువుకుని, సగంలో ఆగినవి తేల్చుకుని, సిద్ధం అంది. మూలన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు గీర్రుమంటూ కదిలింది. మొదటి బాండు చించి గుమస్తా గారు వెలుగులో పెట్టి చూసుకున్నారు. ఎర్రగొండపాలెం రైతు కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. మిగిలిన పదిహేను ఫైళ్లూ ఇప్పుడు నల్ల డ్రైవ్‌లోకి వెళ్తున్నాయి.

పని తెమిలాక ప్రశ్నలు మొదలయ్యాయి. "ఆ బోసిగా ఉన్నదాన్లోంచి ఓ వంద తీసి దీనికి ఎందుకు వెయ్యరు? ఎట్టాగూ వాడట్లేదు గదా."

న్యాయమైన ప్రశ్నే. ఈ పంపకం ఎవరూ ఆలోచించి చేసింది కాదు. ఈ కుటుంబపు లైనక్స్ ఇన్‌స్టాలర్ని దాని ఇష్టానికి వదిలేస్తే రూట్‌కి 70 జీబీ దాటనివ్వదు, మిగిలిందంతా /హోమ్‌కి రాసిచ్చేస్తుంది. ఎవరి ఫైళ్లు వాళ్లు దాచుకునే మెషీన్‌కి అది బాగుంటుందేమో. డేటాబేస్ నడిపే మెషీన్‌లో /హోమ్‌లో ఎవరూ కాపురం ఉండరు, బరువంతా రూట్ మీదే. తరవాత, తరవాత అని బటన్ నొక్కుకుంటూ పోయిన ప్రతి ఆఫీసులోనూ ఈ బొమ్మే కనపడుతుంది.

ఆ 464 జీబీ పార్టిషన్ నేరుగా ఫైల్‌సిస్టమ్ కాదు. దాని మీద ఎల్‌వీఎం ఉంది. హెచ్‌పీ యూనిక్స్‌లో ఉన్న పద్ధతి చూసి హైంట్స్ మౌయెల్స్‌హాగెన్ అనే జర్మన్ 1998లో లైనక్స్‌కి రాశాడు. పార్టిషన్‌ని ఫిజికల్ వాల్యూమ్ అని నమోదు చేస్తారు. అట్లాంటివి ఒకటో, నాలుగో కలిపితే వాల్యూమ్ గ్రూప్. ఆ ఉమ్మడి చోటుని 4 ఎంబీల ముక్కలుగా లెక్కపెడతారు. ఈ డిస్కులో లక్షా పద్దెనిమిది వేల పైన ముక్కలు వచ్చాయి. వాటిలోంచి కావలసినన్ని తీసి ఒక లాజికల్ వాల్యూమ్ చేస్తారు. రూట్ ఒకటి, స్వాప్ ఒకటి, హోమ్ ఒకటి. ముక్కలు పక్కపక్కనే ఉండాలని లేదు, ఒకే డిస్కులో ఉండాలని కూడా లేదు.

గుమస్తా గారు పెన్ను చెవి మీద పెట్టుకున్నారు. "ఆగాగు. మూడో ఛాంబర్లో చోటు చాలకపోతే రైతు సరుకు సగం ఐదో దాన్లో వేస్తాం. బాండులో ఒకటే లాటు. ఏ టిక్కీ యాడుందో నా పుస్తకం చెబుతుంది. అదేనా?"

"అదే బాబాయ్. 4 ఎంబీ ముక్క ఒక టిక్కీ. ఎల్‌వీఎంకి కూడా అట్టాంటి పుస్తకం ఉంది. ఆ పార్టిషన్ మొదట్లోనే మామూలు అక్షరాల్లో రాసి ఉంటుంది, నకలు ఒకటి సిస్టంలో దాస్తుంది. మీరు చదివినా అర్థమవుతుంది."

"అయితే ఐదో ఛాంబరు ఖాళీగా ఉంటే మూడోదానికి ఇవ్వటానికేం?"

ఇక్కడే చిక్కు. ఎల్‌వీఎం ఇవ్వడానికి సిద్ధమే. /హోమ్ మీద ఉన్న ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్, రెడ్‌హ్యాట్ 2014లో ఏడో విడుదల నుంచి మామూలుగా ఇస్తున్నది. పనిచేస్తూ ఉండగానే దాన్ని పెంచవచ్చు. కుదించడం మాత్రం దానికి రాదు. ఈఎక్స్‌టీ4 అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ అయితే ఆపి, పరీక్షించి కుదించవచ్చు. ఫైల్‌సిస్టమ్‌ని కుదించకుండా కింద లాజికల్ వాల్యూమ్‌ని కోసేస్తే ఫైళ్ల తోకలు తెగిపోతాయి. కాబట్టి దారి ఒకటే: /హోమ్‌లో ఉన్న ఆ మూడు జీబీలు బయటపెట్టి, వాల్యూమ్‌నే రద్దు చేసి, చిన్నది మళ్లీ కట్టడం.

ఆఖరి లారీ పదకొండున్నరకి ఖాళీ అయింది. గేటు మూశారు. బయట చల్లబడింది, ఘాటు మాత్రం అట్లాగే ఉంది. ఇక డేటాబేస్ ఆపవచ్చు.

ముందు తాజా బ్యాకప్ ఒకటి తీశాడు, ఈసారి నల్ల డ్రైవ్ నిజంగా ఎక్కి ఉందో లేదో చూసుకుని. /హోమ్‌లో ఉన్నవి, ఇందాక తరలించిన ఫైలుతో సహా, అక్కడికే చేర్చాడు. /హోమ్‌ని దింపాడు. వాల్యూమ్ రద్దు చేసే ఆజ్ఞ టైపు చేసి, ఎంటర్ కొట్టకుండా, పేరుని ఒక్కొక్క అక్షరం పైకి చదివాడు. ఆ అలవాటు నాకు నచ్చింది. ఎల్‌వీఎం ఒకసారి 'నిజంగానా?' అని అడుగుతుంది. ఆ అడగడం అందరూ చూడకుండానే దాటేస్తారు.

386 జీబీ చేతికొచ్చింది. అందులోంచి /హోమ్‌కి 20, డేటాబేస్‌కి ప్రత్యేకంగా 150. మిగతా 216 ఎవరికీ ఇవ్వలేదు.

"అదెందుకట్టా వదిలేశావ్?"

"ఎవరికి కావాల్సొస్తే వాళ్లకి పోద్దాం బాబాయ్. పెంచటం ఒక్క ఆజ్ఞ, బాండ్లు ఆగక్కర్లేదు. తగ్గించటమే ఇంత తంటా."

అతనితో నేను ఏకీభవిస్తాను. ఉన్నదంతా మొదటి రోజే పంచేయడం ఎల్‌వీఎం పెట్టుకుని కూడా పెట్టుకోనట్టే. రేపు సరుకుతో పాటు లెక్కలూ పెరిగి ఈ 216 కూడా చాలకపోతే, ఇంకో డిస్కు బిగించి గ్రూపులో కలిపితే సరిపోతుంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. రెండు డిస్కుల మీద పరచిన వాల్యూమ్‌కి వాటిలో ఏ ఒక్కటి చెడినా గండమే. ఎల్‌వీఎం చోటు కలుపుతుంది, దానంతటది కాపలా కాయదు.

డేటాబేస్ మార్చేటప్పుడు చూడండి, ఇందాకటి ఉచ్చే మళ్లీ ఇక్కడ పొంచి ఉంది. కొత్త వాల్యూమ్‌ని తిన్నగా పాత డైరెక్టరీ మీద ఎక్కించేస్తే పాత డేటా కిందపడి మాయమవుతుంది, చోటు తింటూ ఉంటుంది. అందుకని కొత్తదాన్ని పక్కన వేరే చోట ఎక్కించి, యజమాని, అనుమతులు చెదరకుండా అంతా కాపీ చేసి, పాత డైరెక్టరీకి పేరు మార్చి, అదే పేరుతో ఉత్త డైరెక్టరీ చేసి దాని మీద ఎక్కించాడు. పోస్ట్‌గ్రెస్ సొంత పత్రాలే ఒక జాగ్రత్త చెబుతాయి: మౌంట్ పాయింట్‌నే డేటా డైరెక్టరీగా వాడవద్దు, దాని లోపల ఇంకొకటి చేసుకోండి అని. మౌంట్ ఎక్కకపోతే లోపలి డైరెక్టరీ ఉండదు గనక తెలిసిపోతుంది.

ఇవన్నీ మెషీన్ లేచిన ప్రతిసారీ వాటంతట అవి ఎక్కాలంటే ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో రాయాలి. వరసకి ఆరు గడులు: ఏ వాల్యూమ్, ఏ డైరెక్టరీ మీద, ఏ ఫైల్‌సిస్టమ్, షరతులు, చివర రెండు అంకెలు. నల్ల డ్రైవ్ వరసలో ఇదివరకటి మనిషి నోఫెయిల్ అనే షరతు పెట్టాడు. డ్రైవ్ లేకపోయినా పరవాలేదు, లేచి పని మొదలుపెట్టు అని దానర్థం. తీసేస్తే ఆ డ్రైవ్ లేని రోజున మెషీన్ లేవకుండా మొరాయిస్తుంది, సీజన్లో అది ఇంకా పెద్ద గొడవ. కుర్రాడు దాన్ని ఉండనిచ్చాడు. డేటాబేస్ వరసకి మాత్రం పెట్టలేదు. అది ఎక్కకపోతే మెషీన్ ఆగడమే మంచిది. రాశాక, రీస్టార్ట్ చేయకముందే, అన్నీ ఎక్కించి చూడమని ఒక ఆజ్ఞ కొట్టాడు. ఎఫ్‌స్టాబ్‌లో అక్షరం తప్పు పడితే అది ఇప్పుడే తెలియాలి, పొద్దున లారీలొచ్చాక కాదు.

చివరిగా నల్ల డ్రైవ్‌ని దింపి, అడుగున ఉన్న ఉత్త డైరెక్టరీని మార్పు చేయరానిదిగా ముద్ర వేశాడు. ఆ ముద్ర ఉంటే రూట్ యూజరు కూడా అందులో ఏదీ రాయలేడు. పైన డ్రైవ్ ఎక్కితే అది అడ్డు కాదు, ఎందుకంటే అప్పుడు రాసేది డ్రైవ్‌లో. స్క్రిప్టు మొదట్లో కూడా ఒక వరస చేర్చాడు: /బ్యాకప్ మీద నిజంగా ఏదైనా మౌంట్ అయి ఉందా? లేకపోతే ఆగి, మాకు మెసేజ్ పంపు.

"ఇప్పుడు పీకండి బాబాయ్."

గుమస్తా గారు అనుమానంగానే ప్లగ్గు పీకారు. నీలం దీపం ఆరింది. కుర్రాడు స్క్రిప్టు నడిపాడు. మౌంట్ లేదు, ఆగిపోతున్నాను అంది. ఆ తనిఖీ వరసని పక్కన పెట్టి మళ్లీ నడిపాడు, ముద్ర పనిచేస్తుందో లేదో చూడటానికి. ఈసారి రాయబోయి, అనుమతి లేదని తిరగ్గొట్టించుకుంది. తనిఖీ వరస తిరిగి పెట్టేశాడు. ఫోను మోగింది, మొదటిసారి పంపిన మెసేజ్ అప్పుడొచ్చింది.

"ఇంక వాచ్‌మన్ ఛార్జర్‌కి వేరే ప్లగ్గు పెట్టించండి."

"అది కరెంటోడి పని గదా," అన్నారు గుమస్తా గారు, ఆవర్జా మూస్తూ. "వాణ్ణి పిలిస్తే మళ్లీ ఏం పీకుతాడో. నువ్వుండగానే పిలుస్తా, రేపు పదింటికి రా."